నాటిన దంతము – కానరాని సందు

పసుపు పండించు జగిత్యాల, కోరుట్ల ప్రాంతములవారికి క్రిమినాశిని యననేమో వేరుగ చెప్పనక్కరలేదు. చేయి తెగినచో పసుపద్దుట ప్రతి యింటను ఉన్నదే. కాని దవడ యెముకలో నాటిన లోహపు దంతమునకు ఏ మందు, ఎప్పుడు, ఎన్నాళ్లు అనునది వేరు ప్రశ్న.

స్వీడను దేశమున గోథెన్‌బర్గు నగరమందు బ్రోనెమార్క్ అను శాస్త్రజ్ఞుడు 1965లో తొలిసారిగా ఒక రోగి దవడలో టైటానియము మరమేకులను నాటెను. ఆ లోహమును ఎముక గట్టిగా అంటుకొనునని ఆయన అంతకుముందే కుందేళ్లలో గమనించియుండెను. నేడు మన ప్రాంతమునుండియు కరీంనగరమునకో హైదరాబాదునకో పోయి, చాల వ్యయముచేసి, ఇట్టి దంతములు కట్టించుకొనువారు కలరు.

ఈ దంతము ఒకే ముక్క కాదు. ఎముకలో మరమేకు, దానిమీద బిగించు పొట్టి కాడ, ఆపై తొడుగు. ఎంత బిగించినను మేకునకును కాడకును నడుమ కొన్ని మైక్రానుల సందు మిగులును. బాక్టీరియా యొడలు సుమారొక మైక్రాను. మనకు గోడవలె కనబడునది వాటికి వీధివాకిలి యన్నమాట! పైగా నమలునపుడెల్ల ఆ కాడ లేశమాత్రము కదలి, కొలిమితిత్తివలె లాలాజలమును లోనికి పీల్చి వెలికి గ్రక్కుచుండును. లోని బోలులో చేరిన సూక్ష్మజీవులు పెరిగి చిగురును వాచజేయును. క్రమముగ ఎముకయు కరగును. తరచు నొప్పి యుండదు. ప్రమాదమంతయు అందులోనే యున్నది.

లిస్టరు 1867లో కార్బాలికామ్లముతో గాయములను కాపాడు విధమును లోకమునకు తెలిపెను. నోటికి నేడు వాడునది క్లోర్‌హెక్సిడిన్. పంటిని, చిగురును అంటిపెట్టుకొని గంటలకొలది పనిచేయుట దాని గుణము. శస్త్రచికిత్సకు ముందు 0.12 లేక 0.2 శాతము ద్రవముతో ఒక నిమిషము పుక్కిలించినచో నోటిలోని బాక్టీరియా సంఖ్య బాగుగా తగ్గును. కాడ బిగించుటకు ముందు లోని బోలును ఇదే మందుతో కడిగి, జెల్లు నింపు వైద్యులును కలరు. దానివలన కొంతకాలము మేలే. కాని మందు సందును మూయజాలదు; అది కరిగిన పిదప సూక్ష్మజీవులు మరల చేరును.

చికిత్స పిదప వైద్యుడు చెప్పిన వారమో రెండు వారములో పుక్కిలించుట చాలును. నెలల తరబడి వాడినచో పండ్లు గోధుమవన్నె కెక్కును, రుచి చెడును. పేస్టులోని నురుగుపదార్థము ఈ మందు బలమును హరించును గనుక, తోమిన అరగంటకు గాని పుక్కిలింపరాదు. పచ్చిగాయముపై పసుపుపొడి నొక్కవలదు. వంటింటి పొడి క్రిమిరహితము కాదు.

ఇక బీడీ మాట. సిరిసిల్లలోను, జగిత్యాల, కోరుట్లలలోను ఎందరో స్త్రీలు బీడీలు చుట్టి జీవించుచున్నారు. కావున ఈ మాట కటువుగా తోచవచ్చును. అయినను చెప్పక తప్పదు. పొగత్రాగువాని దవడలో మేకు నిలువక ఊడు అవకాశము త్రాగనివానికంటె హెచ్చు. అదుపులేని మధుమేహమును అట్టిదే. ఏ పుక్కిలింతయు ఆ లోటును పూడ్చదు.

దినమునకు రెండుమారులు మెత్తని బ్రష్షుతో నాటిన దంతము చుట్టును, చిగురు అంచువెంట తోమవలెను. అపుడు రక్తము కనబడెనా, నొప్పి లేదుగదా యని అంగడిలో మందుసీసా కొని ఊరకుండక, ఆ వారములోనే నాటిన వైద్యునికి చూపవలెను. అవసరమైనచో అతడు కాడను విప్పి లోపల శుభ్రము చేయును.