అంగుళంలో వెయ్యో వంతు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ వారు ఫోన్ చేసి, "అమెరికాలో నీ ఉద్యోగం గురించి కాసేపు మాట్లాడు" అన్నారు. కంప్యూటర్ ఉద్యోగం గురించి ఇక్కడున్న వాళ్లలో సగం మందికి నాకంటే బాగా తెలుసు. అందుకని శనివారాలు మా గ్యారేజీలో చేసే పని గురించి చెబుతాను. చివర్లో మన బడి గురించి ఒక విన్నపం ఉంది.

నేను పెయింట్‌బాల్ మార్కర్లకు అల్యూమినియం బాడీలు తయారుచేస్తాను. అమ్మకానికి కాదు, సరదాకే. "వీడు అక్కడ తుపాకులు చేస్తున్నాడట" అని ఊళ్లో ఒక మాట వినిపించింది కనుక ముందు ఆ సంగతి చెప్పాలి. మార్కర్ అంటే గుర్తు వేసేది. అడవుల్లో కొట్టాల్సిన చెట్లకు, మందలో వేరు చేయాల్సిన పశువులకు దూరం నుంచి రంగు గుర్తు వేయడానికి అమెరికాలో ఈ సాధనం పుట్టింది. 1981 జూన్‌లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని హెన్నికర్ దగ్గర అడవిలో పన్నెండు మంది దీన్ని పట్టుకుని జెండాలు సేకరించే ఆట ఆడారు. గెలిచినాయన ఒక్క గుండు కూడా పేల్చలేదు. చడీచప్పుడు లేకుండా జెండాలన్నీ తీసుకుని బయటపడ్డాడు. మన దొంగా పోలీసు ఆటకు రంగు తోడైందనుకోండి.

గుండు అంటే జెలటిన్ తొడుగులో నింపిన రంగు. సుమారు 17 మిల్లీమీటర్ల వ్యాసం, మూడు గ్రాముల బరువు. దాన్ని తోసేది గాలి. నేను ఇష్టపడే పాత నమూనా ఆటోకాకర్. దాని బాడీలో రెండు గొట్టాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. కింది గొట్టంలో స్ప్రింగుతో కదిలే సుత్తి, దాని ముందు వాల్వు. ట్రిగ్గరు నొక్కగానే సుత్తి వాల్వును కొడుతుంది. గాలి పై గొట్టంలోకి ఎక్కి, బోల్టు గుండా వెళ్లి, గుండును బ్యారెల్లోంచి తోస్తుంది. ఈ రెండు గొట్టాలూ సమాంతరంగా లేకపోతే బోల్టు పట్టేస్తుంది, లేదా గాలి లీకవుతుంది. కష్టమంతా అక్కడే.

మొదలయ్యేది 6061-టీ6 అనే అల్యూమినియం దిమ్మతో. ఇందులో కాస్త మెగ్నీషియం, కాస్త సిలికాన్ కలుస్తాయి. టీ6 అంటే 500 డిగ్రీలకు పైగా వేడి చేసి, చల్లార్చి, మళ్లీ 160, 170 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి గట్టిపరచినది. బరువు ఉక్కులో మూడో వంతు. ముందు మిల్లింగ్ మిషన్ మీద దిమ్మ ముఖాలను మూలమట్టానికి తేవాలి. తర్వాత బోర్లు వేయాలి. డ్రిల్లుతో వేసిన రంధ్రం ఎప్పుడూ కొంచెం పక్కకు పోతుంది. దాన్ని బోరింగ్ పనిముట్టుతో సరిచేసి, చివర్లో రీమర్‌తో కొలతకు తెస్తాం. బ్యారెల్ బిగించే చోట అంగుళానికి 20 మరలు కోయాలి. పైపై అందాలు, వంపులు, గాళ్లు అన్నీ ఆ తర్వాతే. ఇంటికి పునాది తీయకుండా రంగులు వేయించం కదా!

కొలత అంగుళంలో వెయ్యో వంతులో చూసుకుంటాం. అంటే 25 మైక్రాన్లు, తలవెంట్రుక మందం కన్నా తక్కువ. కోస్తున్నప్పుడు అల్యూమినియం వేడెక్కి పెరుగుతుంది. 25 మిల్లీమీటర్ల బోరు 20 డిగ్రీల తేడాకు దాదాపు 12 మైక్రాన్లు మారుతుంది. అందుకే చేతికి వెచ్చగా ఉన్న ముక్కను కొలవకూడదు. పక్కన పెట్టి, టీ తాగి రావాలి. రంగు కోసం అనొడైజింగ్ చేస్తాం. గంధకామ్లంలో ముక్కను ఆనోడుగా పెట్టి కరెంటు పంపితే పైన సన్నని రంధ్రాలున్న ఆక్సైడు పొర ఏర్పడుతుంది. రంగు ఆ రంధ్రాల్లోకి దిగాక వేడి నీళ్లలో ఉంచితే అవి మూసుకుంటాయి. మన రసాయనశాస్త్రం మాస్టారు చెప్పిన విద్యుద్విశ్లేషణే అది.

ఇప్పుడు అసలు విషయం. రెండేళ్ల కిందట మా మిత్రుడి కొడుకు వచ్చాడు. పదిహేడేళ్ల వాడు, ఫిజిక్సులో క్లాసుకు ఫస్టు. "అంకుల్, బాడీ బరువు తగ్గాలి, వాల్వు చుట్టూ గోడను సగానికి కోసేద్దాం" అన్నాడు. లెక్క కూడా వేసి తెచ్చాడు. వాల్వు దగ్గర గాలి 400 పి.ఎస్.ఐ. కారు టైరులో ఉండేది ముప్పై చిల్లర. ఒత్తిడిని లోపలి వ్యాసంతో గుణించి గోడ మందానికి రెట్టింపుతో భాగిస్తే, ముప్పావు అంగుళం బోరుకు, అంగుళంలో ఎనిమిదో వంతు గోడకు 1200 వస్తుంది. గోడ సగమైతే 2400. లోహం 40,000 వరకు తట్టుకుంటుంది. "ఇంకేం భయం అంకుల్?" అన్నాడు.

లెక్క తప్పు కాదు. కానీ అది నున్నటి గొట్టానికి వేసిన లెక్క. "మరి ఇక్కడ మరలున్నాయి, అడ్డంగా రంధ్రాలున్నాయి, పదునైన మూలలున్నాయి. బలమంతా ఆ మూలల్లో పోగవుతుంది నాన్నా. పైగా ప్రతి గుండుకూ ఒక దెబ్బ. అలాంటివి వేలకు వేలు. రెగ్యులేటరు మొరాయిస్తే 400 కాస్తా 400గా ఉండదు. సీసాలో ఉన్నది 3000. నీ ముఖం దీనికి జానెడు దూరంలో ఉంటుంది" అన్నాను. కోయనని చెప్పాను. కోపంగా వెళ్లిపోయాడు.

రెండు వారాల తర్వాత తనే వచ్చాడు. వాడికి ఒక పాత ముక్క, ఆకురాయి ఇచ్చి, మరల దగ్గర గోడ నిజంగా ఎంత మిగులుతుందో కొలవమన్నాను. కొలిచాడు. మర అడుగున, వాడు లెక్కలో వేసుకున్న దానిలో సగం కూడా లేదు. ఇక నేను వాదించాల్సిన పని లేకపోయింది. వెనకవైపు సుత్తి కదిలే భాగంలో గాలి ఒత్తిడి ఉండదు. అక్కడ కోశాం. నలభై గ్రాములు తగ్గింది. ఆటకు ముందు క్రోనోగ్రాఫ్ మీద వేగం సెకనుకు 300 అడుగులు దాటలేదని చూపించి, ముఖానికి మాస్కు పెట్టుకుని దిగాడు.

ఆ అబ్బాయికి సూత్రం తెలుసు. అది ఎక్కడ ఆగిపోతుందో మాత్రం ఆకురాయి పట్టుకున్నాకే తెలిసింది. ఈ రోజు మన బడిలో చదివే పిల్లలకు మార్కులకు కొదవ లేదు. నిన్న ఆవరణ అంతా తిరిగి చూశాను. మనం వడ్రంగం, నేత నేర్చుకున్న క్రాఫ్టు గదిలో విరిగిన బెంచీలు పేర్చి ఉన్నాయి. స్క్రూ గేజి బీరువాలోనే ఉంది, తాళం వేసి.

రేపటి సర్వసభ్య సమావేశంలో స్వర్ణోత్సవ నిధితో ఏం చేయాలో నిర్ణయిస్తారు. ముఖద్వారానికి ఆర్చి కట్టాలని ఒక ప్రతిపాదన ఉంది. ఆర్చి వద్దని నేను అనను. ఆ గదిని ముందు బాగుచేద్దాం అంటాను. నాలుగు బెంచి వైసులు, ఆకురాళ్లు, ఒక డ్రిల్లింగ్ మిషన్, ఒక చిన్న లేత్, అన్నిటికన్నా ముఖ్యంగా కళ్లద్దాలు, జీతమిచ్చి పెట్టుకునే ఒక పనిమంతుడు. లేత్ ఖర్చు నాది. ఏటా సంక్రాంతికి వచ్చినప్పుడు రెండు వారాలు పిల్లలతో కూర్చుంటాను. మిగతాది మీ చేతుల్లో ఉంది.

మార్కర్లు చేయించమని అడగడం లేదు. తాళం చెవి చేయనివ్వండి, బావి గిలక చేయనివ్వండి. తాము చేసిన వస్తువు ఇంకొకరి చేతిలోకి వెళ్తుందని తెలిసినప్పుడు కొలత మీద వచ్చే శ్రద్ధ వేరు. అది మన పిల్లలకు ఈ బడిలోనే అందాలని నా కోరిక. రేపు ఓటు వేసే ముందు ఒక్కసారి ఆ గది తలుపు తీసి చూడండి.