చేనికాపలాకు ఉయ్యాల పందిరి



వేరుశనగ పందుల పాలు కాకుండ రాత్రులు కాపలా కాయువారిలో పెక్కుమంది నేలమీదనే పడుకొనుచున్నారు. కట్లపాము రాత్రివేళ తిరుగును. నేలపై నిద్రించువారిని కాటువేయును. తరచు నొప్పి తెలియకనే ప్రాణము మీదికి వచ్చును. కావున ఎత్తుగా పడక అమర్చుకొనుట అవసరము. వల ఉయ్యాల ఇందుకు చౌకైన సాధనము.

అయిదారు అంగుళముల లావు, 10 అడుగుల పొడవు గల రెండు సరుగుడు గుంజలు తీసుకొనుడు. మొదళ్లకు తారు పూసి, 10 అడుగుల ఎడమున, 3 అడుగుల లోతున పాతి, మట్టిని గట్టిగా దిమ్మిస చేయుడు. తారుపూత నేలమట్టమునకు జానెడు పైవరకు ఉండవలెను. గుంజ ముందుగా పుచ్చునది అక్కడనే. పైన వెన్నుదూలము బిగించి, ఇరువైపుల కురచ గుంజలపైకి తాటాకు కప్పు దింపుడు.

ఉయ్యాలను బిగువుగా లాగి కట్టరాదు. 60 కిలోల మనిషి పడుకొన్నప్పుడు నడుమ 3 అడుగులు దిగినచో, ఒక్కొక్క వైపు త్రాటి లాగుడు సుమారు 60 కిలోలు. ఒక్క అడుగే దిగినచో అది 150 కిలోలు దాటును. గుంజలు లోపలికి ఒరుగునది ఇందువలననే. 5 అడుగుల ఎత్తున వదులుగా కట్టినచో పడక నేలకు 2 అడుగుల పైన నిలుచును.

మొదట 75 కిలోల ధాన్యపు బస్తాను ఒక పూట ఉంచి చూచి, గుంజ కదలనిచో పడుకొనుడు. దోమతెర అంచులు నేల తాకకుండ లోనికి మడుచుకొనుడు. దిగునపుడు టార్చిలైటు వేసి, నేల చూచి కాలు పెట్టుడు. ఒకవేళ కాటుపడినచో మంత్రముల కొరకు ఆగక, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

పంటతోపాటు కాపలాదారుని ప్రాణమును దక్కవలెను గదా!