మిషను కొనడం ఒక రోజు పని, కాపాడుకోవడం రోజూ పని

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఈ సంవత్సరం మేము చేసిన పని గురించి చెప్పమన్నారు. బర్రెల గురించి, కుట్టు మిషన్ల గురించి, కిరాణా అంగడి గురించి చెప్పే అక్కలు ఇక్కడ చాలామంది ఉన్నారు. మేము మాత్రం బండలు కడిగే మిషను గురించి చెప్తాం. మొదట్లో మా ఊళ్లో నవ్వినారు. "బండలు కడగనీకి మిషనా? చేతులకేమైంది?" అన్నారు. చేతులకేమీ కాలేదు. మోకాళ్లకు అయింది. మా పదకొండు మందిలో నలుగురు కింద కూర్చుంటే గోడ పట్టుకొని లేయాల్సిందే. వాళ్లలో ఇద్దరు ఊళ్లో ఇండ్లలో, కల్యాణ మండపంలో బండలు కడిగి బతికేవాళ్లు. పనికి పోకపోతే కూలి పోతుంది, పోతే మోకాలు పోతుంది.

అందుకని సంఘంలో మాట్లాడుకొని, ఆ ఇద్దరి పేరు మీద పొదుపులోంచి అప్పు రాసి ఒక మిషను తెచ్చుకున్నాం. మిషను బాడుగకు తిప్పి, వచ్చిన దాంట్లోంచే నెలనెలా కంతు కట్టాలని తీర్మానం చేసుకున్నాం. ఇక్కడ ఒక మాట అందరికీ తెలుసు. మిషను ఆగినా కంతు ఆగదు. అందుకే దాన్ని నడపడం కంటే ముందు దాన్ని తెలుసుకోవడం మొదలుపెట్టినాం.

అది ఎట్లా పనిచేస్తుందో చెప్తాం. దానికి రెండు ట్యాంకులు ఉంటాయి. ఒకటి మంచినీళ్లది, ఒకటి మురికినీళ్లది. పిడి దగ్గర మీట నొక్కితే మంచినీళ్లు, అందులో కలిపిన మందు కొంచెం కొంచెంగా బ్రష్ మీద పడతాయి. బ్రష్ తిరిగి బండను రుద్దుతుంది. బ్రష్ వెనక ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. అది నీళ్లను ఒకచోటికి చేరిస్తే, మోటారు ఆ నీళ్లను పీల్చి మురికి ట్యాంకులో పోస్తుంది. ఆ ట్యాంకులో ఒక చిన్న బెండు ఉంటుంది. మిద్దె మీద నీళ్ల తొట్టిలో బాల్ లేస్తే నీళ్లు ఆగినట్టే, ట్యాంకు నిండి ఈ బెండు పైకి లేస్తే పీల్చడం ఆగిపోతుంది. నీళ్లు మోటారులోకి పోకుండా కాపాడేది అదే. మిషను పీల్చడం మానేసిందంటే సగం సార్లు చెడిపోయినట్టు కాదు. నన్ను ఖాళీ చేయండి అని చెప్తున్నట్టు.

ఇక వాడే పద్ధతి. మాది బేతంచెర్ల పక్క. బండల పాలిష్ ఫ్యాక్టరీల తెల్లపొడి ఇండ్లలో ఎప్పుడూ ఉంటుంది. పొడిగా ఊడ్వకుండా మిషను పెడితే ఆ పొడి నీళ్లతో కలిసి బురదై గొట్టంలో కూర్చుంటుంది. అందుకే చీపురు పని అయినాకనే మిషను పని. చీపురు మానేయొచ్చని ఎవరూ అనుకోవద్దు.

మందు సంగతి. నురగ ఎక్కువ వచ్చే సబ్బుపొడి, షాంపూ వేయకూడదు. నీళ్లు వస్తే బెండు లేస్తుంది గానీ నురగకు లేయదు. నురగ నేరుగా మోటారులోకి పోతుంది. మిషనుతో వచ్చిన పుస్తకంలో ఎంత కొలత రాసి ఉంటే అంతే వేయాలి. బాగా మసలే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ వంకర పోతుంది.

యాసిడ్ మాత్రం వద్దే వద్దు. బాత్రూం యాసిడ్ నాపరాయి మీద పడితే బుస్సున పొంగి, బండ నునుపు పోతుంది. బేతంచెర్ల బండ, కడప బండ, తాండూరు బండ అన్నీ సున్నపురాయి జాతివే. పాలరాయి కూడా యాసిడ్‌కు ఆగదు. గ్రానైట్‌కు ఏమీ కాకపోయినా, సందుల్లో ఉన్న సిమెంటు తినుకుపోతుంది. ఇంకొక సంగతి ప్రాణానికి సంబంధించింది. యాసిడ్‌లో బ్లీచింగ్ కలపొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషపు గాలి లేస్తుంది. తలుపులు మూసిన గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

కరెంటు సంగతి. మిషను మీద అతికించిన చీటీలో వాట్లు రాసి ఉంటాయి. 1000 వాట్ల మిషను ఒక గంట నడిస్తే ఒక యూనిట్ కాలుతుంది. బాడుగ మాట్లాడేటప్పుడే కరెంటు ఖర్చు ఇంటివాళ్లదని చెప్తాం. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను ఎర్తుది. దాన్ని విరిచి రెండు పిన్నుల బోర్డులో పెట్టేవాళ్లు ఉన్నారు. నీళ్లతో చేసే పనికి ఎర్తు లేకుండా మేము మిషను ఆన్ చేయం. బాడుగ పోయినా సరే. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు వేడెక్కుతుంది కాబట్టి లావు వైరు మేమే వెంట తీసుకుపోతాం. ఇది ఇంట్లో వాడే మిషను కాబట్టి మండపం లాంటి పెద్ద చోట ఏకబిగిన నడపం. మధ్యలో ఆపి మోటారును చల్లారనిస్తాం.

పని అయినాక పదిహేను నిమిషాల పని ఉంటుంది. మిషను బతికేది ఆ పదిహేను నిమిషాలతోనే. ప్లగ్గు పీకి, మురికి ట్యాంకు పారబోసి కడగాలి. రాత్రంతా వదిలేస్తే పొద్దునకు కంపు కొడుతుంది. బ్రష్ బయటికి తీసి, చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు కత్తెరతో కోసి లాగేయాలి. ఫిల్టర్ కడిగి నీడలో ఆరబెట్టాలి. తడి ఫిల్టర్ తిరిగి పెట్టకూడదు. ట్యాంకుల మూతలు తెరిచే ఉంచాలి. వైరును బిగించి చుట్టకూడదు, లోపల తీగ తెగుతుంది.

ఇంత చేసినా జబ్బు వస్తుంది. కొన్నిటికి మందు మన చేతిలోనే ఉంది. పీల్చడం లేదంటే, ట్యాంకు నిండిందా, మూత రబ్బరు సరిగ్గా కూర్చుందా, బెండు ఇరుక్కుందా, ఫిల్టర్ మూసుకుపోయిందా, గొట్టంలో ఏమన్నా అడ్డం పడిందా అని వరుసగా చూడాలి. బ్రష్ తిరగడం లేదంటే వెంట్రుకలు, అవి కాకపోతే బెల్టు. బెల్టు నంబరు రాసిపెట్టుకొని ఒకటి ఎక్కువ తెచ్చుకున్నాం. బండ మీద నీళ్ల చారలు మిగులుతుంటే రబ్బరు పట్టీ అరిగిందని అర్థం. మంచినీళ్లు దిగడం లేదంటే, మా బోరు నీళ్ల ఉప్పు రంధ్రాల్లో గట్టిపడి ఉంటుంది. నిమ్మ ఉప్పు ఒక చెంచా అర లీటరు నీళ్లలో కలిపి ట్యాంకులో పోసి, టైల్స్ వేసిన బాత్రూంలో మిషను నిలబెట్టి, కొంచెం కొంచెం వదులుతూ అరగంట ఉంచుతాం. తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు కడుగుతాం. నిమ్మ ఉప్పు కూడా పులుపే కాబట్టి ఆ నీళ్లు నాపరాయి మీద పడనీయం.

పెండ్లిళ్ల కాలంలో ఒకసారి మిషను లోపల నిప్పురవ్వలు కనిపించి ఆగిపోయింది. టౌనులో ఒక రిపేరు అంగడికి తీసుకుపోతే, విప్పకుండానే "మోటారు కాలిపోయింది, కొత్తది వేయాల" అని మిషను ధరలో సగం చెప్పినారు. ఆ డబ్బు మా దగ్గర లేదు, కంతు తేదీ దగ్గర పడింది. వెనక్కి తెచ్చి, మా ఊళ్లో బోరు మోటార్లు చుట్టే తమ్మునితో విప్పించినాం. ఆ రోజు సంఘం వాళ్లం చుట్టూ కూర్చొని చూసినాం. మోటారు కాలలేదు. దానిలో కార్బన్లు అరిగిపోయినాయి. మన ఇంట్లో మిక్సీకి ఉండే లాంటివే. సరిపోయే కార్బన్లు వెతికి తెచ్చి వేసినాడు. అయిన ఖర్చు ఒక రోజు బాడుగ కూడా కాదు. ఆ నెల కంతు తేదీకే కట్టినాం.

దీంట్లో మాకు అర్థమైంది ఒకటే. మన మిషను లోపల ఏముందో మనకు తెలియకపోతే, ఎదుటివాడు చెప్పిందే రేటు. అట్లని అన్నీ మనమే విప్పాలని కాదు. మోటారు, వైరింగు పని తెలిసినవాళ్లతోనే చేయిస్తాం. కానీ పక్కన కూర్చొని చూస్తాం, ఏం మార్చినారో అడుగుతాం, పాత సామాను వెనక్కి తీసుకుంటాం.

సంఘానికి పంచసూత్రాలు ఉన్నాయి కదా. సమావేశం, పొదుపు, అప్పు, చెల్లింపు, పుస్తకం. మిషనుకు కూడా ఒక పుస్తకం పెట్టినాం. ఎవరింటికి పోయింది, ఎన్ని గంటలు నడిచింది, బాడుగ ఎంత, ఎవరు కడిగి పెట్టినారు అన్నీ రాస్తాం. ప్రతి బాడుగలో కొంత రిపేరు డబ్బాలో వేస్తాం. సమావేశంలో పొదుపుతో పాటు ఆ డబ్బా కూడా లెక్క పెడతాం. పుస్తకం ఉన్నందువల్ల "మీరు పాడు చేసినారంటే మీరు" అనే గొడవ మా సంఘంలో రాలేదు.

చివరగా సమాఖ్యకు మూడు మనవులు. ఏ సంఘం ఏ మిషను కొన్నా, రిపేరు డబ్బా పెట్టుకున్నాకే అప్పు ఇవ్వండి. ప్రతి గ్రామైక్య సంఘానికి స్క్రూ డ్రైవర్లు, టెస్టరు, కటింగ్ ప్లేయరు ఉన్న ఒక పెట్టె ఇప్పించండి. రిపేరు పనుల ట్రైనింగుకు పేర్లు అడిగినప్పుడు మా అన్నదమ్ముల పేర్లే కాదు, మా పేర్లు కూడా రాయండి. మిక్సీ, గ్రైండరు, కుట్టు మిషను, ఈ బండల మిషను అన్నీ నడిపేది మేమే. విప్పి చూసే చేతులు కూడా మావే కావాలి.

 మిషను చూడాలనుకున్న అక్కలు మా ఊరికి రండి, విప్పి చూపిస్తాం. సెలవు.