త్యాగయ్యలోని నాటకకర్త

త్యాగయ్య (1767–1847) అనగానే కీర్తనలే గుర్తొస్తాయి. ఆయన ‘ప్రహ్లాద భక్తి విజయం’, ‘నౌకాచరిత్రం’ అనే గేయనాటకాలూ రచించారు. ఆ నాటకకర్తను పక్కన పెడితే వాగ్గేయకారుడు మనకు పూర్తిగా అందడు. కచేరీల్లో కల్యాణి రాగంలో వినే ‘వాసుదేవయని’ నిజానికి ప్రహ్లాద నాటకంలో ద్వారపాలకుడి ప్రవేశ దరువు. పాత్ర రంగం మీదికి వస్తుంటే పాటతోనే పరిచయం చేయడం యక్షగాన సంప్రదాయం. ‘నౌకాచరిత్రం’లో గోపికలు గర్వంగా పడవెక్కుతారు. యమున నడుమ గాలివాన పట్టుకుంటుంది, పడవకు చిల్లు పడుతుంది, చివరికి కృష్ణుడే దిక్కవుతాడు. ఉల్లాసం భయంగా, భయం భక్తిగా మారే ఆ మలుపులను పాటలే నడిపిస్తాయి.

రాగభావం ఉండగా కథతో పనేమిటని కొందరంటారు. ఆ పాటలు విడిగానూ నిలిచిన మాట నిజమే, కచేరీకెక్కిందీ అందుకే. అయితే ఎవరు, ఏ ఘట్టంలో పాడుతున్నారో తెలిస్తే పాట నడక, పలుకులోని ఒత్తు మారతాయి. ద్వారపాలకుడి ఠీవిని వేడికోలులా పాడితే రాగం తప్పదు, భావం తప్పుతుంది. అందుకే ఇలాంటి పాటలకు రాగం, తాళంతోపాటు సందర్భాన్నీ ఒక్క మాటలో చెప్పడం గాయకులకూ శ్రోతలకూ మేలు.