పాప పేరు ఇళ... అందరూ పిలిచేది "ఇలా"!

ఈ రోజు ఒక చిన్న పేరు గురించి మాట్లాడుకుందాం. రెండే అక్షరాలు. ఇళ.

మా అక్క పాపకి ఈ పేరు పెట్టారు. మొన్న టీకా వేయించడానికి వెళ్తే, కౌంటర్‌లో ఉన్నావిడ స్క్రీన్ చూసి "ఇలా... ఇలా ఎవరండీ?" అని పిలిచింది. పక్కన కూర్చున్న పెద్దాయన "ఎలా?" అన్నాడు. అందరూ నవ్వారు. అక్క మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చి "పేరు మార్చేద్దామా?" అంది.

నాకు బాధేసింది. ఎందుకంటే అది మామూలు పేరు కాదు. ఇళ అంటే భూమి. ఋగ్వేదంలో సరస్వతి, భారతిలతో కలిపి పిలిచే దేవత ఇళ. పురాణాల్లో ఆమె మనువు కూతురు, బుధుడి భార్య, పురూరవుడి తల్లి. అంటే చంద్రవంశం మొదలైందే ఆమెతో అన్నమాట.

మరి ఇళ, ఇల, ఇలా... వీటిలో ఏది కరెక్ట్? వేదంలో ళ ఉంది. తర్వాతి సంస్కృతంలో అదే మాట ఇలా అయింది, ఇడా కూడా అయింది. సీతా అనే పేరు మన నోట్లో సీత అయినట్టే, ఇలా కూడా తెలుగులో ఇల అయింది. కాబట్టి ఇళ, ఇల రెండూ రైటే. కానీ చివర దీర్ఘం తీస్తే మాత్రం "ఇలా రా" అన్నప్పటి ఇలా అయిపోతుంది!

అసలు చిక్కంతా ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తోనే. ఐ, ఎల్, ఏ అని రాస్తాం. అందులో ళ ఎక్కడుంది? ఉత్తరాదిలో ఇలా అనే అంటారు. 'సేవా' సంస్థ పెట్టిన ఇలా భట్ పేరు ఇదే. 2018లో కాజోల్ చేసిన 'హెలికాప్టర్ ఈలా' సినిమాలో ఈలా అన్నారు. అమెరికా, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళ పిల్లలైతే అక్కడ "ఐలా" కూడా అయిపోవచ్చు. ఎందుకంటే అక్కడ దాదాపు ఇదే స్పెల్లింగ్‌తో, మధ్యలో పలకని 'ఎస్' పెట్టి ఐలా అనే పేరు బాగా పెడతారు.

ళ పలకడం కష్టమేం కాదు. ల అన్నప్పుడు నాలుక కొన పై పళ్ళ వెనక తగులుతుంది. ళ అన్నప్పుడు కొనను కొంచెం వెనక్కి మడిచి అంగిలికి తాకించాలి. కల, కళ అని ఒకసారి అనండి. తేడా తెలిసిందా? అంతే!

అరుదైన పేరు పెట్టాలనుకునేవాళ్ళకి మూడు మాటలు.

ఒకటి, ముందు తెలుగులో ఎలా రాయాలో తేల్చుకోండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ తర్వాత.

రెండు, కంగారు పడకండి. పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయించాలి. అప్పటికి పేరు ఖాయం కాకపోయినా పర్లేదు. 12 నెలల్లోపు ఫీజు లేకుండా పేరు చేర్పించొచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ళ వరకు ఆలస్య రుసుము కట్టి చేర్పించుకోవచ్చు.

మూడు, ఆధార్ తీసుకునేటప్పుడు తెలుగు లైన్ కూడా చదివి చూడండి. ఇళ అని ఉండాల్సిన చోట ఇలా అని పడితే, అక్కడే సరిచేయించండి.

ఇంకో మాట. ఎవరైనా తప్పుగా పిలిస్తే సిగ్గుపడి ఊరుకోకండి. నవ్వుతూ ఒక్కసారి సరిచేయండి. మనమే వదిలేస్తే, రేపు ఆ పాప కూడా "ఏదో ఒకటిలే" అని తన పేరు తనే తప్పుగా చెప్పుకుంటుంది.

తర్వాతి టీకాకి నేనూ వెళ్ళాను. మళ్ళీ "ఇలా" అనే పిలిచారు. అక్క లేచి, "ఇళ అండీ, కళలో ళ" అంది. ఆవిడ ఒకసారి నెమ్మదిగా పలికి, "ఇళ... బాగుందమ్మా పేరు" అంది.

పేరు మార్చలేదు ఫ్రెండ్స్!

మీ పేరుని ఎవరెవరు ఎలా పిలుస్తారో కింద కామెంట్లో రాయండి. తెలుగులోనే రాయండి, అప్పుడే మాకు సరిగ్గా వినిపిస్తుంది. మళ్ళీ కలుద్దాం, ఉంటాను!