ఎక్సెల్ పరీక్షకు మన సంఘం పుస్తకం



మన పిల్లలు, కోడళ్లు, మనలో కొందరం అకౌంటెంటు ఉద్యోగాలకు ఇంటర్వ్యూలకు వెళ్తున్నాం. అక్కడ పెట్టే ఎక్సెల్ పరీక్ష గురించి చెప్పమన్నారు. నేను మొదటిసారి ఫెయిలయ్యాను. ముందు అదే చెప్తాను.

ఇరవై మంది పేర్లు, జీతాలు ఇచ్చి కంప్యూటర్లో ఎక్కించి టోటల్ తియ్యమన్నారు. మన పుస్తకంలో 200/- అని రాసే అలవాటు కదా, ప్రతి అంకె పక్కన అలాగే గీతలు కొట్టుకుంటూ పోయాను. సమ్ ఫార్ములా వేస్తే సున్నా వచ్చింది! చెమటలు పట్టాయి. కాగితం మీద కూడి, ఆ అంకె టైపు చేసేశాను. పరీక్ష పెట్టినాయన వచ్చి ఒక జీతం మార్చి చూశాడు. కింద టోటల్ కదల్లేదు. "సరేనమ్మా, కబురు చేస్తాం" అన్నాడు. ఆ కబురు ఇంకా రాలేదు.

గీతలు పెడితే కంప్యూటర్ దాన్ని అంకెగా తీసుకోదు, రాతగా తీసుకుంటుంది. సమ్ రాతను కూడదు. మనం మార్చకపోతే అంకె గడిలో కుడివైపుకు జరుగుతుంది, రాత ఎడమవైపు ఉండిపోతుంది. అది చూసుకుంటే చాలు. రూపాయి గుర్తు కావాలంటే ఒట్టి అంకె కొట్టి, తర్వాత ఫార్మాట్ సెల్స్‌లో పెట్టుకోవాలి.

రెండోసారి పుస్తకాలేమీ కొనలేదు. మా సంఘం పుస్తకమే ముందు పెట్టుకున్నాను. పది మంది పేర్లు, పొదుపు, అప్పు బాకీ ఎక్కించాను. నూటికి రూపాయి వడ్డీ కదా, పైన ఒక గడిలో 1% అని పెట్టి, ఫార్ములాలో ఆ గడి పేరు మీద ఎఫ్4 నొక్కాలి. డాలర్ గుర్తులు వస్తాయి, గడి కదలదు. (కొన్ని ల్యాప్‌టాపుల్లో ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి. ఇది తెలియక ఒక పూట పోయింది నాకు.) గుర్తులు లేకుండా కిందికి లాగితే ఖాళీ గడిని పట్టుకుని రెండో మనిషికి వడ్డీ సున్నా చూపిస్తుంది.

సార్ట్ దగ్గర మరీ జాగ్రత్త. బాకీల వరుస ఒక్కటే పట్టుకుని సార్ట్ చేస్తే పేర్లు అక్కడే ఉండి అంకెలు మారిపోతాయి. ఒకరి అప్పు ఇంకొకరి మెడకు చుట్టుకుంటుంది. 'ఎక్స్‌పాండ్ ద సెలక్షన్' అని అడిగితే దానికే ఒప్పుకోండి.

ఇఫ్, ఫిల్టర్, వీలుకప్ కూడా ఈ పుస్తకం మీదే నేర్చుకోవచ్చు. ఫోన్లో గూగుల్ షీట్స్ మీద చేసినా, పరీక్షకు ముందు కీబోర్డు మీద చెయ్యి తిరగాలి. మన ఆఫీసు కంప్యూటర్ మధ్యాహ్నం మూడు దాటాక ఖాళీగానే ఉంటుంది. మీ పుస్తకం తీసుకుని రండి, కూర్చుందాం.