పేరు పెట్టి చెప్పిన చిన్న టీవీ



ఇటలీ దక్షిణాన సిసిలీ దీవి ఉన్నది. దాని పడమటి కొసన ట్రపాని పట్నం, మాఫియాకు పెట్టని కోట. 1980లలో అక్కడ ఆర్టీసీ అని ఒక చిన్న టీవీ నడిచేది. మన బస్సు కాదు, రేడియో టెలి సినీ.

దాంట్లో వార్తలు చెప్పినవాడు మౌరో రొస్తాన్యో. 1968 విద్యార్థి ఉద్యమంలో త్రెంతో యూనివర్సిటీ నాయకుడు. తర్వాత ట్రపాని దగ్గర మత్తుమందుకు బానిసలైన పోరగాళ్లను బాగుచేసే ఆశ్రమం నడిపిండు. రోగమొచ్చినోళ్లకు మందిస్తే సరిపోదు, రోగం అమ్మేటోళ్ల సంగతేంది? అందుకే కెమెరా ముందుకొచ్చిండు.

దూరాన ఉన్న పెద్ద పత్రిక 'మాఫియా' అని ఊరుకోవచ్చు. ఊళ్లె టీవీ అట్లంటే నడువదు. ఒక మేయర్ హత్య కేసులో మాఫియా పెద్దలు బోనెక్కితే, ఆ విచారణను రొస్తాన్యో ఇంటింటికి చూపెట్టిండు.

1988 సెప్టెంబర్ 26 రాత్రి కారులో ఆశ్రమానికి పోతుంటే కాల్చి చంపిండ్రు. ఆయనకు 46 ఏండ్లు.

తర్వాతేమైంది? 1996లో ఆశ్రమపోళ్లనే పట్టుకపోయిండ్రు. ఆ కేసు నిలువలేదు. 2014లో మాఫియా నాయకుడు విన్‌చెంజో విర్గాకు యావజ్జీవం పడ్డది. 2020లో పైకోర్టు దాన్ని ఖాయం చేసింది. కాల్చిండని శిక్షపడ్డ రెండోవాడు మాత్రం అప్పీలులో విడుదలైండు. చంపించినోడు తేలిండు, తుపాకి పట్టిన చెయ్యి తేలలేదు.

సోదరులారా, చిన్న టీవీకి గన్‌మెన్లుండరు. చూసే జనమే కాపలా. చచ్చినంక దండ వేసుడు సులువు. బతికుండంగనే పక్కన నిలబడాలె.